కాలితే ముందు నీళ్లు, ఆ తర్వాతే తెల్ల క్రీము

పోయిన ఎండాకాలం బెంగళూరు మారతహళ్లిలో మా ఇంట్లో గంజి వారుస్తూ మా తమ్ముడు ఎడమ ముంజేయి కాల్చుకున్నాడు. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి వాడి ఫ్రెండ్ మోచేతి దాకా టూత్‌పేస్ట్ పూసేశాడు. క్లినిక్‌లో నర్సమ్మ ఎండిపోయిన ఆ పేస్టును తడిపి తడిపి తీస్తుంటే వాడు పళ్లు బిగపట్టుకుని కూర్చున్నాడు. ఇంకెవరికీ ఆ బాధ వద్దనే ఇది రాస్తున్నాను.

కాలిన వెంటనే చేయాల్సింది ఒక్కటే, 20 నిమిషాలు నీళ్లు. కుళాయి కింద సన్నటి ధారలో పెట్టండి. బెంగళూరు సంగతి తెలిసిందే, ట్యాంకర్ రాని రోజు కుళాయిలో చుక్క ఉండదు, అప్పుడు బకెట్‌లో ఉన్న నీళ్లే చెంబుతో మెల్లగా పోస్తూ ఉండండి. ఆలస్యమైనా సరే, మూడు గంటల లోపు ఎప్పుడు పోసినా ఉపయోగమే. ఐసు పెట్టకండి, చర్మం ఇంకా దెబ్బతింటుంది. ఉంగరాలు, గాజులు, వాచీ ముందే తీసేయండి, వాపు వచ్చాక రావు. పసుపు, ఇంకు, కాఫీపొడి ఏదీ వద్దు. బొబ్బలు చిదమకండి.

ఇక క్రీము విషయం. కాలిన గాయాలకు డాక్టర్లు ఎక్కువగా రాసేది సిల్వర్ సల్ఫాడయజీన్ 1 శాతం క్రీము. వెన్నలా తెల్లగా ఉంటుంది. ఇందులో వెండి, సల్ఫా మందు రెండూ కలిసి బ్యాక్టీరియాను చంపుతాయి, ముఖ్యంగా కాలిన పుండ్లను పాడుచేసే సూడోమోనాస్‌ను. 1968లో చార్లెస్ ఫాక్స్ అనే అమెరికన్ డాక్టరు దీన్ని ఆ సూడోమోనాస్ కోసమే వైద్య లోకానికి పరిచయం చేశాడు. చర్మం కేవలం ఎర్రబడి మండుతుంటే దీని అవసరం లేదు. పైపైన కాలిన వాటికి రాస్తే కొత్త చర్మం రావడం ఆలస్యమవుతుందని పరిశోధనల్లో తేలింది కూడా. అందుకే మెడికల్ షాపులో మీరే అడిగి కొనుక్కోకుండా ఒకసారి డాక్టరుకు చూపించండి, అలాగే టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో చెప్పండి.

సల్ఫా మందులు పడనివాళ్లు, నెలలు నిండుతున్న గర్భిణులు, రెండు నెలల లోపు పసిపిల్లలు దీని జోలికి వెళ్లకూడదు. జీ6పీడీ (ఎర్ర రక్తకణాలను కాపాడే ఒక ఎంజైము) లోపం ఉన్నవాళ్లు ముందే డాక్టరుకు చెప్పాలి. ముఖానికి రాయకండి, వెండి వల్ల చర్మం బూడిద రంగుకు తిరగొచ్చు.

రాసే పద్ధతిలోనే చాలామంది తప్పు చేస్తారు, మేమూ మొదటి రోజు చేశాం, పాత క్రీము మీదే కొత్తది పూసేశాం. రెండో రోజు కట్టు విప్పగానే పసుపు, బూడిద రంగు కలిసిన జిగురు పొర కనిపించింది. "అక్కా, చీము పట్టేసింది!" అని వాడికి ఒకటే టెన్షన్. అది చీము కాదు, క్రీము, గాయం నుంచి ఊరే రసి కలిసి కట్టిన పొర. కానీ దాని మీదే మళ్లీ రాస్తే మందు గాయానికి చేరదు, కింద ఏమవుతోందో కూడా కనిపించదు. కాబట్టి ప్రతిసారీ చేతులు సబ్బుతో కడుక్కుని, గాజ్ గుడ్డను సెలైన్‌లో తడిపి గాయం మీద ఓ ఐదు నిమిషాలు పరచండి. పొర నాని మెత్తబడి తుడిస్తే వచ్చేస్తుంది, గోకక్కర్లేదు. తడి అద్దేసి, గ్లౌజు వేసుకుని రూపాయి బిళ్ల మందాన, అంటే దాదాపు ఒకటిన్నర మిల్లీమీటరు, గాయమంతా కప్పేలా రాసి, కొత్త గాజ్‌తో వదులుగా కట్టండి. రోజుకు ఒకటి రెండుసార్లు, డాక్టరు చెప్పినట్టు. ట్యూబు మూతి గాయానికి తగలనివ్వకండి. క్రీము నల్లబడితే పారేయండి.

సెగ్గడ్డలకు, తామరకు ఇది మందు కాదు. తామర ఫంగస్, దానికి మందే వేరు.

గాయం చుట్టూ ఎరుపు పాకుతున్నా, చెడు వాసన వచ్చినా, జ్వరం తగిలినా ఆరోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి. కాలింది రోగి అరచేతికన్నా పెద్దదైతే, ముఖం, చేతివేళ్లు, కీళ్లు, మర్మాంగాల దగ్గరైతే, కరెంటు వల్లో యాసిడ్ వల్లో అయితే ఇంట్లో క్రీములతో కాలయాపన చేయకండి, 108కి ఫోన్ చేయండి. బెంగళూరులో అయితే విక్టోరియా ఆసుపత్రిలో కాలిన గాయాలకు ప్రత్యేకంగా వార్డు ఉంది.

చర్మం మూసుకున్నాక క్రీము ఆపేయొచ్చు. మావాడి చేతికి వచ్చిన కొత్త చర్మం లేత గులాబీ రంగులో, ముట్టుకుంటే చిగురాకులా ఉండేది. డాక్టరు చెప్పినట్టు కొన్ని నెలల పాటు బండి మీద వెళ్లేటప్పుడు ఫుల్ హ్యాండ్స్ చొక్కానే వేసుకున్నాడు, దురద పెట్టినప్పుడు గోకకుండా కాస్త కొబ్బరినూనె రాసుకునేవాడు.