పాత మోడల్ రాకెట్ కిట్: విశాఖ గాలిలో కట్టడం, ఎగరేయడం

పెట్టె తెరవగానే ముక్కు భాగాన్ని రాకెట్ ట్యూబుకు కట్టి ఉంచే రబ్బరు తాడు (షాక్ కార్డ్) లాగి చూడండి. ఏళ్లు గడిస్తే అది పుటుక్కున తెగుతుంది, పారాచూట్ విచ్చుకున్నా ముక్కు భాగం ఊడిపోతుంది. బదులుగా ట్యూబుకు రెండు మూడు రెట్ల పొడవు బట్టల ఎలాస్టిక్ వేయండి.

బాల్సా అనే తేలిక చెక్కతో చేసిన రెక్కల్లో చెక్క పోగు ముందంచుకు సమాంతరంగా ఉండాలి, లేకపోతే గాలి ఒత్తిడికి విరుగుతాయి. ఫెవికాల్ పలచగా రాసి, ఆరాక మళ్లీ రాసి అతికించండి. మన సముద్రపు తేమకు బాల్సా వంకరపోతుంది, కాబట్టి రెండు వైపులా ఒకేసారి శాండింగ్ సీలర్ (చెక్క రంధ్రాలు పూడ్చే పూత) పూయాలి. పాత ప్లాస్టిక్ పారాచూట్ మడతలు అంటుకుపోతాయి, టాల్కం పౌడర్ చల్లండి.

పెట్టెలోని పాత మోటారు (మందు కూరిన గొట్టం) మాత్రం ముట్టించొద్దు! వేడి, చలి మార్పులకు లోపలి మందు పగుళ్లు పట్టి, కేసింగ్ పేలిపోవచ్చు. చట్టబద్ధంగా దొరికిన కొత్తదే వాడండి.

మోటారు బిగించాక, రాకెట్ ఎటూ వాలకుండా సమంగా నిలిచే చోట దారం కట్టి తలచుట్టూ తిప్పండి. ముక్కు ముందుకే ఉండాలి. తోక ముందుకొస్తే ముక్కులో బంకమన్ను చేర్చండి.

ఊళ్లోనే ఐఎన్ఎస్ డేగా నౌకాదళ విమానస్థావరం ఉంది, పోలీసు, విమానయాన అనుమతులు లేకుండా ఎగరేయొద్దు. బీచ్ పనికిరాదు, రాకెట్ నీళ్లలో పడుతుంది. మధ్యాహ్నపు సముద్రగాలి లేవకముందే, పొద్దున్నే, ఎండుగడ్డి లేని మైదానంలో, చిన్న మోటారుకైనా 5 మీటర్ల దూరం నుంచి బ్యాటరీ స్విచ్‌తోనే. వెలగకపోతే స్విచ్‌లోని సేఫ్టీ తాళంచెవి బయటికి లాగేసి ఒక నిమిషం ఆగాకే దగ్గరికి వెళ్లండి.