ఇంట్లో సముద్రపు చేపలు - 5వ పాఠం: మగ చేప తిండి మానేస్తే

పోయిన పాఠం చదివి ఆరేసి బంగాయ్ కార్డినల్ చేపలు వదిలినవాళ్లలో చాలామందికి ఇప్పుడు రెండే మిగిలాయట. జంట కుదరగానే మిగతావాటిని వేరే ట్యాంకులోకి మార్చమన్నాను కదా! చిన్నప్పుడు గుంపుగా తిరిగాయని నమ్మి ఊరుకుంటే ఇంతే. జంట కట్టినవి తమ మూలకి ఇంకో చేపను రానివ్వవు, వస్తే చచ్చేదాకా తరుముతాయి.

ఉప్పు, ఫిల్టర్ సంగతి మళ్లీ చెప్పను.

అసలు నాకు చిరాకు తెప్పించేది వేరే ఉంది. 'మగ చేప నాలుగు రోజులుగా తినట్లేదు, మందు వేశాం' అంటున్నారు. మందు వేసే ముందు దాని గడ్డం కింద చూశారా? అక్కడ ఉబ్బి, పెదవులు బిగించుకుని, మేత ముక్కు ముందే పడుతున్నా మొహం తిప్పుకుంటుంటే అది జబ్బు కాదు. ఆడ చేప పెట్టిన గుడ్లు వాడి నోట్లో ఉన్నాయి. ఇక అన్నం ఎలా తింటాడు? మధ్యమధ్య నోరు కాస్త తెరిచి గుడ్లను కదుపుతాడు, అప్పుడు లోపల నారింజ రంగు పూసలు కనిపిస్తాయి. దాదాపు 20 రోజులకు పొదుగుతాయి, ఆ తర్వాత ఇంకో పది రోజులు పిల్లలు కూడా అక్కడే. అన్నాళ్లూ ఉపవాసమే. టెన్షన్ పడి వల వేశారంటే గుడ్లు ఉమ్మేస్తాడు, లేదా మింగేస్తాడు. రాగి (కాపర్) కలిసిన మందు అసలే వద్దు.

పగడపు దిబ్బల్లో ఉండే మిగతా చేపల పిల్లలు చాలావరకు ప్రవాహంలో కొట్టుకుపోయి ఎక్కడెక్కడో స్థిరపడతాయి. వీటికి ఆ దశే లేదు. నోట్లోంచి బయటికొచ్చి, అక్కడే సీ అర్చిన్ (ఒళ్లంతా ముళ్లుండే గుండ్రటి సముద్రజీవి) ముళ్ల మధ్య దూరతాయి. ఇండోనేషియాలో సులవేసి దీవికి తూర్పున ఉన్న బంగాయ్ దీవులు దాటి ఇవి తమంతట తాము విస్తరించకపోవడానికి కారణం ఇదే. సులవేసి ఉత్తర కొసన లెంబే జలసంధిలో కనిపించేవి మనుషులు వదిలినవి. అమ్మకానికి విపరీతంగా పట్టడంతో 2007లో అంతరించే ప్రమాదమున్న జాతుల్లో చేర్చారు. నేనైతే ట్యాంకులో పుట్టినవే కొంటాను. సముద్రంలో పట్టినవాటితో చేపల్ని చంపే ఇరిడోవైరస్ భయం కూడా ఉంది.

అభ్యాసం: చేప పిల్లలు బయటికొచ్చిన రోజే వాటికి మేతగా బతికున్న ఆర్టీమియా (ఉప్పునీటి చిన్న రొయ్యల్లాంటివి) కావాలి. వాటి గుడ్లను మనమే పొదిగించాలి. లీటరు నీళ్లకు 25 గ్రాముల కల్లుప్పు, అడుగు నుంచి గాలి, 28 డిగ్రీల వేడి, పైన లైటు. రోజు తిరిగేసరికి పొదుగుతాయి. గాలి ఆపి అడుగున టార్చ్ పెడితే పెంకులు తేలతాయి, ఆర్టీమియా పిల్లలు వెలుగు దగ్గర చేరతాయి. వరసగా పది రోజులు, రోజుకో సీసా చొప్పున, పెంకు కలవకుండా తీయగలిగినవాళ్లే ఆరో పాఠానికి రండి.