చికిత్స అయ్యాక మళ్లీ బయాప్సీ: పర్లాకిమిడి నుంచి విశాఖ వెళ్లేవారికి

క్యాన్సర్‌కు రేడియేషన్ చికిత్స అయ్యాక మళ్లీ బయాప్సీ (అనుమానమున్న చోట చిన్న ముక్క తీసి పరీక్షించడం) కోసం పర్లాకిమిడి, గుణుపురం నుంచి విశాఖ వెళ్లేటప్పుడు పాత రిపోర్టు ఒక్కటే చాలదు. మొదటి బయాప్సీ స్లైడ్లు (ముక్క పలుచని పొరలు అంటించిన గాజు పలకలు), మైనం బ్లాకు (ముక్కను మైనంలో పొదిగి దాచిన దిమ్మ) ల్యాబులో అడిగి తీసుకోండి. అన్నిటికంటే ముఖ్యం ఇదే. రేడియేషన్ తగిలిన మామూలు కణాలు కూడా ఒక్కోసారి క్యాన్సర్ కణాల్లా కనిపిస్తాయి. పాతవాటితో పోల్చి చూస్తే పెథాలజిస్టుకు (కణాలను మైక్రోస్కోపులో చూసే డాక్టరుకు) తేడా పట్టుకోవడం సులువు. రేడియేషన్ ముగిసిన తేదీ బయాప్సీ పరీక్ష ఫారంలో తప్పక రాయించండి. బ్లాకును బస్సులో ఎండ పడేచోట పెట్టొద్దు, మైనం మెత్తబడుతుంది.

రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటే డాక్టరుకు ముందే చెప్పండి, సొంతంగా మాత్రం మానకండి.

బయాప్సీ ముక్కను మీ చేతికిచ్చి వేరే ల్యాబుకు పంపితే, సీసాలో 10 శాతం ఫార్మలిన్ (ముక్క పాడవకుండా ఉంచే ద్రవం) ముక్కకు కనీసం 10 రెట్లు ఉండాలి. సెలైన్‌లో వేస్తే కణాలు పాడవుతాయి. పేరు మూత మీద కాదు, సీసా మీదే, పాత రిపోర్టులో ఉన్నట్టే రాయించండి.

ఇంటికొచ్చాక పైగాయం నుంచి రక్తం కారితే శుభ్రమైన గుడ్డతో 10 నిమిషాలు వదలకుండా నొక్కండి. ఆగకపోయినా, జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.