ట్యూడర్ పాలనను చదవడం ఎలా: రాణి కొలువు నుంచి ధాన్యపు కొట్టు వరకు ఒక ఉత్తర్వు వెంట

రాజమహేంద్రవరంలోనో, అమలాపురంలోనో, భీమవరంలోనో బి.ఏ. చరిత్ర చదివే విద్యార్థిని ట్యూడర్ ఇంగ్లాండు పాలన గురించి రాయమంటే, పైన రాజు, ఆ కింద ప్రివీ కౌన్సిల్ అనే రాజు సలహాసభ, ఆ కింద స్థానిక అధికారులు అని మూడు మెట్లు గీసి, ఒక్కో మెట్టుకు నాలుగు వాక్యాలు రాసి ముగిస్తాడు. కలెక్టరేటునూ తహసీల్దారు కార్యాలయాన్నీ చూస్తూ పెరిగిన మనకు పాలన అనగానే జీతం తీసుకుని, బదిలీ మీద వచ్చిపోయే ఉద్యోగి గుర్తుకు రావడం సహజమే. అయితే 1485 నుంచి 1603 వరకు ఇంగ్లాండును ఏలిన ట్యూడర్ రాజవంశానికి స్థిరసైన్యం లేదు, పోలీసు బలగం లేదు, మన జిల్లాల వంటి కౌంటీలలో జీతగాళ్ళైన అధికారులు లేరనే చెప్పాలి. ఆదేశించడానికి ఉద్యోగులే లేనప్పుడు ఆజ్ఞ ఎలా అమలయింది అన్నదే అసలు ప్రశ్న గనుక, మెట్లను పక్కనపెట్టి ఒకే ఒక్క ఉత్తర్వును ఎంచుకుని, అది ఎవరి చేతుల మీదుగా ఎక్కడి వరకు వెళ్ళిందో వెంబడించడం మేలైన పద్ధతి.

వరి పండించే డెల్టా వారికి తేలికగా బోధపడే ఉత్తర్వు ఒకటి ఉంది. 1586లో ఇంగ్లాండులో పంట దెబ్బతిని ధాన్యం ధరలు పెరిగినప్పుడు, 1587 జనవరిలో ఎలిజబెత్ ప్రభుత్వం కరవు నివారణ ఆదేశాలను అచ్చువేయించి కౌంటీలకు పంపింది. ఎవరి కొట్టులో ఎంత ధాన్యం ఉందో లెక్క తీయాలి. ఇంటి తిండికీ విత్తనానికీ ఉంచుకోగా మిగిలినదాన్ని సంతకు తెప్పించాలి. పేదలకు చిన్న కొలతల్లో అమ్మించాలి. చేసిన పనిని తిరిగి కౌన్సిల్‌కు తెలియజేయాలి. దీన్ని చేతిలో పెట్టుకుని ముందుగా ఆస్థానం వైపు చూడండి.

ఆస్థానాన్ని విందులూ వేడుకలూ జరిగే చోటుగా మాత్రమే వర్ణించి వదిలేయడం పరీక్షా పత్రాలలో తరచుగా కనిపించే లోపం. రాజు సమక్షంలోకి ఎవరు వెళ్ళగలరన్నదే అక్కడి రాజకీయం. ఎనిమిదవ హెన్రీ కాలంలో రాజు మలవిసర్జన వేళ సేవ చేసే ఉద్యోగికి పెద్దపెద్ద ప్రభువులు సైతం అసూయపడేటంత పలుకుబడి ఉండేదంటే నవ్వు రావచ్చు గానీ, రాజుతో ఏకాంతంగా మాట్లాడే అవకాశం అతనిదే. 1545 నుంచి హెన్రీ సంతకాన్ని ముద్రగా ఒత్తి, ఆ గుర్తు మీద సిరా దిద్దే ఏర్పాటు వచ్చింది; ఆ ముద్ర రాజుగారి ఆంతరంగిక మందిరపు మనుషుల చేతుల్లో ఉండేది, ఆయన వీలునామా మీద కూడా అదే పడింది. ఎలిజబెత్ రాణి అయ్యాక ఆంతరంగిక సేవ స్త్రీల చేతికి రావడంతో, మగవారి రాజకీయం ఆ మందిరం నుంచి చాలావరకు కౌన్సిల్‌కు మళ్ళింది.

కౌన్సిల్ దగ్గర ఎక్కువసేపు ఆగనక్కరలేదు. ఏడవ హెన్రీ నాటి పెద్ద, వదులైన సలహాసభ 1530ల చివరికి ఇరవై మందికి లోపు సభ్యులున్న ప్రివీ కౌన్సిల్‌గా కుదురుకుందనీ, 1540లో విలియం పేజెట్ గుమాస్తాగా నియమితుడైనప్పటి నుంచి దాని కార్యకలాపాల పుస్తకం నడిచిందనీ, ఎలిజబెత్ దాని సమావేశాలకు అరుదుగానే హాజరయ్యేదనీ గుర్తుంచుకుంటే చాలు. మన ఉత్తర్వు కౌంటీలకు బయలుదేరింది ఇక్కడి నుంచే.

ఇక కౌంటీ. ఉత్తర్వు అందుకునేవారు ఏడాదికొకసారి మారే షెరిఫ్ అనే కౌంటీ అధికారి, జస్టిస్ ఆఫ్ పీస్ అనే పదవి గలవారు. ఈ జస్టిస్‌లు ఆ కౌంటీలోని భూస్వాములే. సమావేశపు రోజులకు నాలుగు షిల్లింగుల భత్యం తప్ప జీతం లేదు. ఏడాదికి నాలుగుసార్లు కూర్చుని నేరాలు విచారిస్తూనే, వంతెనల మరమ్మతు నుంచి కూలి రేట్ల వరకు చూసుకునేవారు. వీరిని మన పాత కరణం, మునసబులతో పోల్చాలనిపిస్తుంది, ఆ పోలిక కొంతదూరమే నడుస్తుంది: మన గ్రామాధికారుల పదవులు 1984లో రద్దయ్యేవరకు ఆచరణలో చాలావరకు వంశపారంపర్యంగా సాగాయి, జస్టిస్ పదవి మాత్రం రాజు ఇచ్చే కమిషన్ అనే నియామక పత్రం మీద ఆధారపడింది, జాబితాలోంచి పేరు తీసేస్తే పోయేది. జీతం లేని పనికి అంతమంది ఎందుకు ఎగబడ్డారో ఇక్కడే తెలుస్తుంది. పేరు ఉండటం కౌంటీలో పరువు, పోవడం పదిమందిలో అవమానం; రాజు ఆ పరువునే జీతంగా చెల్లించాడని నా అభిప్రాయం.

ఇప్పుడు ధాన్యపు లెక్క తీయమన్నది ఎవరినో మళ్ళీ చూడండి. మిగులు ధాన్యం గలవారిలో ఆ జస్టిస్‌లూ, వారి బంధువులూ, వారి కౌలుదార్లూ ఉన్నారు. కనుక సమాధానంలో అమలు గురించి రాసేటప్పుడు స్థానికుల సహకారం అన్న పొడిమాటతో సరిపెట్టకుండా, ఎవరి ప్రయోజనం ఎటు లాగుతుందో చూపించాలి. పన్నుల్లో ఇది ఇంకా స్పష్టం: పార్లమెంటు మంజూరు చేసే సబ్సిడీ అనే పన్నుకు ఆస్తిని మదింపు వేసేది స్థానిక పెద్దలే కావడంతో, కోశాధికారి బర్లీ రాబడి వేల పౌండ్లలో ఉన్నా లెక్కల్లో 133 పౌండ్లుగానే నిలిచింది. మరోవైపు, తిండిగింజలు దొరక్క జనం తిరగబడితే ముందు నష్టపోయేది తామేనన్న భయం కూడా ఆ భూస్వాములకు ఉండేది. కరవు ఆదేశాలను కదిలించిన బలాల్లో అదొకటి.

పైనుంచి కిందికి మాత్రమే బాణం గుర్తులు గీయకండి. ఏడాదికి రెండుసార్లు, కౌంటీలు తిరిగి పెద్ద నేరాలు విచారించే అసైజ్ న్యాయమూర్తులు లండన్‌లో సూచనలు విని కౌంటీలకు వెళ్ళి, అక్కడి సంగతులు మోసుకొచ్చేవారు. కౌన్సిల్‌లో కూర్చునే బర్లీయే 1587 నుంచి లింకన్‌షైర్ కౌంటీకి లార్డ్ లెఫ్టినెంట్, అంటే అక్కడ రాణి ప్రతినిధి కూడా. కొలువులో, కౌన్సిల్‌లో, కౌంటీలో ఒకే మనిషి కనబడుతుంటే మూడు మెట్ల పటం ఏం నిలుస్తుంది?

ఆజ్ఞ ఆగిపోయిన సందర్భం ఒక్కటైనా రాయనిదే సమాధానం పూర్తికాదు. 1525లో ఫ్రాన్సుతో యుద్ధం కోసం ఎనిమిదవ హెన్రీ ముఖ్యమంత్రి వోల్సీ పార్లమెంటు ఆమోదం లేకుండా సొమ్ము అడిగితే, సఫోక్‌లోని లావెన్‌హామ్ దగ్గర వేలమంది గుమిగూడారు. హెన్రీ ఆ వసూలును మానుకుని, తనకేమీ తెలియదన్నట్టు క్షమాపణ ప్రకటించాడు.

ఈ పద్ధతి చేతికి వచ్చిందో లేదో చూసుకోవడానికి మరో ఉత్తర్వును సొంతంగా వెంబడించండి. మురుగు కాలువలూ సముద్రపు కరకట్టలూ చూసే కమిషన్లకు సంబంధించిన 1531 నాటి చట్టం కాలువగట్ల మధ్య పెరిగినవారికి బాగా పనికొస్తుంది: కమిషనర్లను ఎవరు నియమించారు, గట్టు ఖర్చు ఏ భూముల మీద పడింది, చెల్లించనివారిని ఏం చేశారు అన్న మూడు ప్రశ్నలతో మొదలుపెట్టండి.