జిప్సీ అదురు: చక్రాల్లో కాదు, షాఫ్ట్‌లో

అనంతగిరి మట్టిదారుల్లో మా పాత జిప్సీకి ఏ ఇబ్బందీ లేదు. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి 70 దాటితే మాత్రం సీటు కింద ఒకటే అదురు. వీల్ బ్యాలెన్సింగ్ చేయించినా తగ్గలేదు. ముందు చక్రాల తేడా ఎక్కువగా స్టీరింగ్‌లో తెలుస్తుంది, ఇదేమో ఫ్లోర్‌లో సన్నగా గుంయ్‌మంటోంది. ఖాళీ రోడ్డు మీద అదే స్పీడులో న్యూట్రల్ చేశాను. ఇంజన్ నెమ్మదించినా అదురు పోలేదు. ఇక అనుమానమంతా ప్రొపెల్లర్ షాఫ్ట్ మీదే, అంటే ఇంజన్ శక్తిని ఇరుసుకి చేరవేసే పొడుగాటి గొట్టం మీదే. అది చక్రం కంటే దాదాపు మూడు నాలుగు రెట్లు వేగంగా తిరుగుతుంది. పైగా స్పీడు రెట్టింపైతే బరువు తేడా వల్ల పక్కకి లాగే బలం నాలుగింతలవుతుంది.

కిందకి దూరి ఎండిన బురద గీకితే, బ్యాలెన్స్ కోసం అతికించిన రేకు ముక్క ఊడిపోయిన వెల్డింగ్ మచ్చ కనిపించింది. అదీగాక, ఇదివరకు క్రాస్ (షాఫ్ట్ చివర కీలులా వంగే జాయింట్) మార్చినవాళ్లెవరో స్ప్లైన్ (షాఫ్ట్ ముక్కలు ఒకదాన్లో ఒకటి దూరే పళ్ల అతుకు) ఒక పన్ను తప్పించి బిగించారు. దాంతో క్రాస్‌ని పట్టుకునే రెండు చివరల యోక్‌లు ఒకే వరుసలో లేవు!

విప్పేముందు ఫ్లాంజ్‌ల (షాఫ్ట్‌ని బోల్టులతో బిగించే బిళ్లల) మీద పెయింట్‌తో గుర్తు పెట్టుకున్నాను. ఆటోనగర్‌లో యోక్‌లు సరిచేయించి, కొత్త క్రాస్‌లు వేయించాకే బ్యాలెన్సింగ్ మెషీన్ ఎక్కించాం. వదులై ఆడుతున్న క్రాస్‌తో బ్యాలెన్సింగ్ చేయిస్తే డబ్బు దండగ.

ఇప్పుడు 90లో వినిపించేది మడ్ టైర్ల మోతే. దానికి మందు లేదు.