మరాఠీ బడి, తెలుగు ఇల్లు: సైన్స్ పదాలను ఫోన్‌లోని వికీపీడియా యాప్‌తో నేర్పడం ఎలా?

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరోంచ వైపు పిల్లలకు ఒక్కో సైన్స్ మాటకు మూడు పేర్లు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, సెమీ ఇంగ్లిష్ (సైన్స్, లెక్కలు మాత్రం ఇంగ్లిష్‌లో చదివే పద్ధతి) తీసుకుంటే పుస్తకంలో ఇంగ్లిష్. కొత్త మాటైతే పిల్లలు ఎలాగో నేర్చేసుకుంటారు. తెలిసిన మాటే వేరే అర్థంతో వచ్చినప్పుడే దెబ్బతింటారు.

నా దగ్గరికి ట్యూషన్‌కు వచ్చే తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకసారి 'శక్తీ'కి ప్రమాణం జౌల్ అని రాసి మార్కులు పోగొట్టుకుంది. వాళ్లమ్మది ప్రాణహిత అవతలి ఊరు, పదో తరగతి దాకా తెలుగు మీడియం. "శక్తి అంటే ఎనర్జీ కదా సార్, నేనే చెప్పిన" అంది. ఆమె చెప్పింది తప్పేమీ కాదు. తెలుగు పుస్తకంలో శక్తి అంటే ఎనర్జీయే. కానీ మరాఠీ పుస్తకంలో ఎనర్జీని 'ఊర్జా' అంటారు. 'శక్తీ' అంటే పవర్, మన తెలుగు పుస్తకాల్లో సామర్థ్యం. దాని ప్రమాణం వాట్. బిడ్డ పక్కన కూర్చుని చదివించిన తల్లికి ఆ రోజు ఎంత బాధ కలిగిందో చూశాక, ఏ పదాన్నైనా మూడు భాషల్లోనూ చూపించే నేర్పుతున్నాను.

ముందుగా ప్లే స్టోర్ నుంచి వికీపీడియా యాప్ దించుకోండి. ఉచితం, ప్రకటనల గోల లేదు. సెట్టింగ్స్‌లో వికీపీడియా భాషలు అన్నచోట ఇంగ్లిష్, మరాఠీ, తెలుగు మూడూ చేర్చండి.

పాఠం చెప్పే ముందు రోజు రాత్రే పుస్తకంలోంచి పదాలు ఏరుకోవాలి. ఐదు చాలు. పది పెట్టుకుంటే ఐదు కూడా నిలవవు. ఒక్కో పదాన్ని ఇంగ్లిష్‌లో వెతకండి. 'సెల్' అని కొడితే జీవకణం వస్తుంది, బ్యాటరీ వస్తుంది, జైలు గది కూడా రావచ్చు. పేరు కింద చిన్న అక్షరాల్లో వివరణ ఉంటుంది, అది చదివాకే తెరవండి. వ్యాసం తెరుచుకున్నాక భాష గుర్తు నొక్కి మరాఠీకి, తర్వాత తెలుగుకు మారండి. నేను అనువాదం యాప్ కంటే దీన్నే ఇష్టపడేది ఇందుకే. ఒంటరి పదం ఇస్తే అనువాదం యాప్‌కు సందర్భం తెలియదు. ఇక్కడ ఒకే విషయం మీద ఉన్న వ్యాసాలను ఒకదానికొకటి కలిపి ఉంచారు. తెలుగు వ్యాసం లేకపోతే పదం కోసం తంటాలు పడకండి, మామూలు మాటల్లో చెప్పండి.

చూసిన ప్రతి వ్యాసాన్నీ సేవ్ చేసుకోండి. సిగ్నల్ లేనిచోట కూడా తెరుచుకుంటుంది.

ఇక పాఠం. మొదట ఫోన్ పక్కన పెట్టి, వస్తువు చేతికివ్వండి. కణం పాఠమైతే ఉల్లిపాయ రెక్క లోపలి పలుచని పొర ఒలిచి ఒక్కొక్కరి వేలి మీద పెట్టండి. వెలుతురుకు పట్టి చూడమనండి, తడి ప్లాస్టిక్ కాగితంలా మెరుస్తుంది. తర్వాత ఫోన్‌లో మైక్రోస్కోప్ కింద తీసిన ఉల్లిపొర బొమ్మ చూపించండి. గోడకు ఇటుకలు పేర్చినట్టు వరుసలు కనిపిస్తాయి. 1665లో రాబర్ట్ హుక్ బెండు ముక్కలో ఇలాంటి గదులే చూసి 'సెల్' అన్నాడని చెప్పండి, సెల్ అంటే చిన్న గది. అప్పుడు మిగతా పేర్లు: తెలుగులో కణం, మరాఠీలో 'పేశీ'.

ఇక్కడ తొందరపడకండి. మరాఠీలో 'కణ' అంటే పార్టికల్. తెలుగులో పేశి అనగానే పెద్దవాళ్లకు కండే గుర్తొస్తుంది. మరాఠీలో కండరాన్ని 'స్నాయూ' అంటారు. 'పరిణామ్' కూడా అంతే, మనకు జీవ పరిణామం, వాళ్లకు ఫలితం, ప్రభావం. ఎవల్యూషన్‌కు వాళ్ల మాట 'ఉత్క్రాంతీ'. ఇలాంటి మాట వచ్చినప్పుడల్లా నోట్‌బుక్‌లో ఎర్ర పెన్సిల్‌తో సున్నా చుట్టిస్తాను.

నోట్‌బుక్‌లో నాలుగు గడులు గీయించండి: ఇంగ్లిష్, మరాఠీ, తెలుగు, నాలుగోది పిల్లల సొంత మాట లేదా బొమ్మ. నాలుగో గడి మీరు నింపవద్దు, దిద్దవద్దు. అర్థమైందో లేదో అక్కడే తెలుస్తుంది.

పొడుగు పదాలను చూసి భయపడితే విడగొట్టి చూపండి. ఫోటోసింథసిస్‌లో ఫోటో అంటే వెలుగు, సింథసిస్ అంటే కలిపి తయారు చేయడం. మరాఠీ 'ప్రకాశసంశ్లేషణ'లోనూ అవే రెండు ముక్కలు. తెలుగులో కిరణజన్య సంయోగక్రియ, అంటే కిరణాల వల్ల జరిగే కలయిక. మూడు భాషలూ ఆకు చేసే పనినే చెబుతున్నాయని తెలిసినప్పుడు పిల్లల ముఖాలు చూడాలి!

పరీక్షలో మాత్రం పాఠ్యపుస్తకంలోని పదమే రాయించండి. వికీపీడియాను ఎవరైనా దిద్దవచ్చు, అందులోని పదం మీ పుస్తకంలో వేరుగా ఉండవచ్చు.

మర్నాడు ఫోన్ తీయకుండా అడగండి. "పేశీ అంటే ఏమిటి?" అని కాదు, "నిన్న ఉల్లిపొరలో ఏం చూశావు, దాన్ని బడిలో ఏమంటారు, ఇంట్లో ఏమని చెప్పావు?" అని. ఇంట్లో చెప్పి రమ్మనడం తప్పనిసరి. ఆ అమ్మాయి వాళ్లమ్మ ఇప్పుడు ఏ పదం అడిగినా ముందు నోట్‌బుక్ తెప్పించి, ఎర్ర సున్నా ఉందేమో చూసుకుని గానీ జవాబు చెప్పదు.