పాత బిల్డింగ్ కొనేముందు కరెంటు బిల్లులు చూడండి

తిరుపతిలో కొర్లగుంట, ఎం.ఆర్.పల్లి వైపు అద్దెల ఆదాయం కోసం పాత అపార్ట్‌మెంట్ కొందామని చూడబోతే ఓనర్లు చెప్పే మాట ఒకటే: "పోర్షన్ ఒక్కరోజు కూడా ఖాళీ ఉండదు సార్." నిజమో కాదో మీటరు చెబుతుంది.

ప్రతి పోర్షన్ సర్వీస్ నంబరూ మీటరు దగ్గరే రాసుకుని, ఆ నంబర్లవే గత 12 నెలల బిల్లులు అడగండి. యూనిట్ల గడి ఒక్కటి చూస్తే చాలు. ఫ్రిజ్, ఫ్యాన్లు తిరిగే ఇంట్లో నెలకు 50 యూనిట్లయినా కాలకుండా ఉండడం అరుదు. 0, 5, 3 అని వరసగా కనబడితే ఆ నెలలు తాళం వేసి ఉన్నట్టే.

నాలుగు పోర్షన్లు, ఒక్కోదానికి నెలకు 8,000 అద్దె అనుకుందాం. ఏడాదికి 48 అద్దెలు. బిల్లుల్లో 39 మాత్రమే తేలితే వచ్చేది 3,84,000 కాదు, 3,12,000. అందులో ఇంటిపన్ను, మోటారు కరెంటు, రిపేర్లు తీసేసి మిగిలినదాన్ని బట్టే బేరమాడండి. కామన్ మీటరు (మోటారు, మెట్ల లైట్ల లాంటి అందరి వాడకానిది) బిల్లు కూడా అడగండి, దాన్ని చాలామంది చూపించరు.

రెండు పోర్షన్లకు ఒకే మీటరున్నా, యాత్రికులకు రోజువారీ అద్దెకిస్తున్నా ఈ లెక్క పనిచేయదు. అలాంటప్పుడు ఎదురుగా ఉన్న చిల్లర కొట్లో అడగడమే.